అడ్రినలిన్ ఆంపులా, పెన్నా, ముక్కు స్ప్రేనా? సంచిలో ఏది పెట్టుకోవాలి

మా వాడికి జీడిపప్పు పడదు. పడదంటే కాస్త దురద పుట్టి ఊరుకునే రకం కాదు. నాలుగేళ్లప్పుడు ఒక గృహప్రవేశంలో చక్రపొంగలిలో వచ్చిన అర బద్ద నమిలి ఉమ్మేశాడు. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వాంతి అయింది. ఆ తర్వాత గొంతు బొంగురుపోయి పిల్లికూతలు మొదలయ్యాయి. పరుగెత్తుకెళ్లిన ఆస్పత్రిలో ముందు అవిల్, దాని వెనకే డెక్సోనా పొడిచి, "తగ్గుతుంది, కూర్చోండమ్మా" అన్నారు. డ్యూటీ మారి వచ్చిన ఇంకో డాక్టరుగారు పిల్లాణ్ణి చూడగానే తొడలో అడ్రినలిన్ వేయించారు. ఐదు నిమిషాలకు వాడు నా వైపు తిరిగి నీళ్లడిగాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే ప్రశ్న. ఈ మందు మన దగ్గరే ఉండాలి, సరే, కానీ ఏ రూపంలో? గాజు ఆంపుల్, సిరంజి పెట్టుకోవాలా? అమెరికా నుంచి, తొడకు అదిమితే తానే పొడిచే ఇంజెక్షన్ పెన్ను తెప్పించుకోవాలా? కొత్తగా వచ్చిన ముక్కు స్ప్రే కోసం చూడాలా? మూడిట్లోనూ ఉన్నది ఒకే మందు. తేడా అంతా అది మన ఒంట్లోకి చేరే దారిలోనే.

ఎంపికకు ముందు ఒక ముక్క. ఇలాంటి తీవ్రమైన అలర్జీని అనఫిలాక్సిస్ అంటారు. చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలు ఒక్కసారిగా పగిలినట్టయి హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి రసాయనాలను కుమ్మరిస్తాయి. దాంతో రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అవిల్ అడ్డుకునేది ఒక్క హిస్టమిన్‌నే, అది కూడా ముఖ్యంగా దురద, దద్దుర్ల వరకే. డెక్సోనా స్టెరాయిడ్, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఊపిరి దారి తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా కుమ్మరించకుండా కూడా ఆపుతుంది. అందుకే అది మొదటి మందు. మిగతావి ఆ తర్వాతే.

ముందు కొలతలు

మొదటిది వేగం. బ్రిటన్‌లో అనఫిలాక్సిస్ మరణాలను పరిశీలించిన డాక్టర్ రిచర్డ్ పంఫ్రీ 2000లో ఇచ్చిన లెక్క ఇది: గుండె ఆగేదాకా పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే, ఆహారం వల్లయితే 30 నిమిషాలు, కందిరీగ, తేనెటీగ కాటైతే 15, ఆస్పత్రిలో ఇచ్చిన మందు వల్లయితే 5. 108కి ఫోన్ చేసి, సందు గుర్తులు చెప్పి, బండి వచ్చేసరికి ఎంతవుతుందో మీ వీధిని బట్టి మీరే లెక్క వేసుకోండి.

రెండోది డోసు. ఒంటి బరువు కిలోకు 0.01 మి.గ్రా. లెక్క, పెద్దవాళ్లకు గరిష్ఠంగా 0.5 మి.గ్రా. తక్కువైతే పనిచేయదు. బాగా ఎక్కువైతే గుండె మీద పడుతుంది.

మూడోది చెయ్యి. మనకు వచ్చా రాదా అన్నది సగమే. ఆ సమయంలో పక్కన ఉండేది ఎవరు? నానమ్మా, టీచరా, ఆటో డ్రైవరా? నన్నడిగితే మిగతా కొలతలన్నీ దీని తర్వాతే. ఎంత గొప్ప పరికరమైనా తీయడానికి చెయ్యి జంకితే అది సంచిలో బరువు.

నాలుగోది మన ఎండ. ఐదోది దొరకడం, ధర, గడువు తేదీ.

| కొలత | ఆంపుల్ + సిరంజి | ఆటో ఇంజెక్టర్ పెన్ | ముక్కు స్ప్రే |
|---|---|---|---|
| సిద్ధం చేయడానికి | అలవాటు లేకపోతే రెండు నిమిషాల పైనే | కొన్ని సెకన్లు | కొన్ని సెకన్లు |
| డోసు | బరువుకు తగ్గట్టు, కానీ తప్పే అవకాశం ఎక్కువ | ముందే నిర్ణయించినది | ముందే నిర్ణయించినది |
| శిక్షణ | తప్పనిసరి, పదేపదే | ఒకటి రెండుసార్లు | దాదాపు అక్కర్లేదు |
| ఎండ | నీడ, చీకటి కావాలి | 20–25 డిగ్రీల్లో ఉంచాలి | కొంతకాలం 50 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది |
| మన దగ్గర దొరకడం | చీటీ ఉంటే సులువు | మామూలు మెడికల్ షాపులో దొరకదు | మామూలు మెడికల్ షాపులో దొరకదు |
| ఖర్చు | చాలా తక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ |

ఆంపుల్, సిరంజి

మనలో చాలామందికి నిజంగా చేతికందేది ఇదే. 1 మి.లీ. గాజు ఆంపుల్‌లో 1 మి.గ్రా. మందు ఉంటుంది, కాబట్టి లెక్క తేలిక. డాక్టరుగారు 0.3 అంటే 0.3 మి.లీ. లాగడమే. ధర చూస్తే, పెన్ను ఖరీదులో దీన్ని పెట్టెలకు పెట్టెలు కొనొచ్చు.

చిక్కంతా చేతిలో ఉంది. కెనడాలోని మానిటోబాలో డాక్టర్ ఎస్టెల్ సైమన్స్ బృందం 2001లో ఒక పరీక్ష చేసింది. పసిపిల్లల తల్లిదండ్రులకు ఆంపుల్, సిరంజి ఇచ్చి మందు లాగమన్నారు. సగటున 142 సెకన్లు పట్టింది. అదే పని ఎమర్జెన్సీ నర్సులు 29 సెకన్లలో చేశారు. వేగం కన్నా భయపెట్టేది డోసు: తల్లిదండ్రులు లాగిన మందులో అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య తేడా 40 రెట్లు. అది కూడా ప్రశాంతంగా కూర్చోబెట్టి చేయించిన పరీక్షలో. పక్కన పిల్లాడు నీలం పడిపోతుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మాకు ఒక సిస్టర్ సెలైన్ నీళ్ల ఆంపుళ్లతో నేర్పింది. ముందు పైభాగాన్ని వేలితో తట్టాలి, మెడలో ఇరుక్కున్న చుక్క కిందికి దిగుతుంది. మెడ మీద చుక్క గుర్తు ఉంటే దాన్ని మన వైపు తిప్పుకుని, దూది చుట్టి, బయటి వైపుకు విరవాలి. నేను మొదటి రెండూ చిదిమేశాను, బొటనవేలు కోసుకుంది. మూడోది టక్కుమని విరిగింది. తర్వాత సూది ముంచి లాగడం, బుడగ పోగొట్టడం, గీత దగ్గర ఆపడం. మా అత్తయ్య కూడా ప్రయత్నించి సిరంజి పక్కన పెట్టేశారు. "కళ్లజోడు లేకపోతే నాకు పళ్లెంలో అన్నమే కనపడదు, ఈ గీతలెక్కడ పట్టుకోనే" అన్నారు. పగలంతా వాడు ఉండేది ఆవిడ దగ్గరే. మూడో కొలత ఎంత పెద్దదో నాకు ఆ మాటతోనే అర్థమైంది.

ఈ దారి ఎంచుకునేవాళ్లు మూడు తప్పుల దగ్గర జాగ్రత్తపడాలి. ఇన్సులిన్ సిరంజి వాడకూడదు. మన దగ్గర దొరికే మామూలు రకంలో 1 మి.లీ. అంటే 40 యూనిట్లు, ఆ గీతల లెక్క వేరు. సూది కూడా పొట్టిది, కండదాకా వెళ్లదు. 1 మి.లీ. సిరంజి, దానికి 25 మి.మీ. సూది అడగండి. రెండోది, షాపువాళ్లు ఇచ్చిన ఆంపుల్ మీద పేరు అక్షరం అక్షరం చదవండి. నార్ అడ్రినలిన్ అని ఇంకో మందు ఉంది, చూడ్డానికీ వినడానికీ ఒకేలా ఉంటుంది, ఇది అది కాదు. మూడోది, నరానికి ఎప్పుడూ వేయకూడదు. వేసేది తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి. పిల్లల మీద సైమన్స్ బృందమే 1998లో చేసిన ఇంకో అధ్యయనంలో తొడ కండలోకి వేస్తే రక్తంలో మందు సుమారు 8 నిమిషాల్లో గరిష్ఠానికి చేరింది, చర్మం కింద వేస్తే 34 నిమిషాలు పట్టింది. సూది పొడవు గురించి అంత పట్టుబట్టడం అందుకే.

ఒక మధ్యేమార్గం ఉంది. డాక్టరుగారి చేతే సరైన డోసు ముందే సిరంజిలో నింపించి, మూత పెట్టి, వెలుతురు తగలని డబ్బాలో ఉంచుకోవడం. రెండు నిమిషాల పని పది సెకన్లకు వస్తుంది, గీతలు చూసే పని ఉండదు. అయితే సిరంజిలో నింపిన మందు ఆంపుల్‌లో ఉన్నంతకాలం నిలవదు. నెలల లెక్కలోనే మార్చాలి, ఎన్ని నెలలన్నది మీ డాక్టరే చెప్పాలి. మేం మా అత్తయ్య కోసం ఎంచుకున్నది ఇదే.

పెన్

నీలం మూత తీయడం, నారింజ కొసను తొడకు గట్టిగా అదమడం, మూడు అంకెలు లెక్కపెట్టడం. ప్యాంటు మీద నుంచే దిగుతుంది. ఎపిపెన్ అమెరికాలో 1987లో అనుమతి పొందింది. దాని పుట్టుక సైన్యంలో, విషవాయువు దాడి జరిగితే సైనికుడు తనకు తానే పొడుచుకునే ఇంజెక్షన్ నుంచి వచ్చింది. వణికే చేతుల కోసమే పుట్టిన పరికరం అనుకోవచ్చు.

లోపాలు లేవని కాదు. తలకిందులుగా పట్టుకుని బొటనవేలికి పొడుచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అన్నిటికన్నా మాకు ఎదురైన ఇబ్బంది డోసు. 15 నుంచి 30 కిలోల వాళ్లకు 0.15 మి.గ్రా. పెన్ను, ఆ పైన 0.3. మా వాడు ఇప్పుడు 24 కిలోలు. బరువు లెక్కన వాడికి కావాల్సింది 0.24. చిన్న పెన్ను చాలదు, పెద్దది కొంచెం ఎక్కువ. 25 కిలోల దగ్గరే పెద్ద పెన్నుకు మారమని అలర్జీ నిపుణులు చాలామంది చెబుతారు. ఇక్కడ ఆంపులే నయం, ఎంత కావాలంటే అంతే లాగొచ్చు. పెద్దవాళ్ల సంగతీ అంతే. 80 కిలోల మనిషికి 0.5 కావాల్సిన చోట 0.3 పెన్ను ఇస్తే రెండోది వాడాల్సిన అవసరం ఎక్కువ. అందుకే పెన్నులు ఎప్పుడూ జంటగా ఉండాలి.

డల్లాస్ నుంచి వస్తూ మా చెల్లి ఒక జత తెచ్చింది. చేతికొచ్చేసరికే గడువు ఏడాది లోపు ఉంది. 2016లో రెండు పెన్నుల పెట్టె ధర 600 డాలర్లు దాటి అక్కడి కాంగ్రెస్‌లోనే విచారణ జరిగింది. తర్వాత చవక రకాలు వచ్చినా మన లెక్కలో చవక కాదు. ఎవరో వచ్చినప్పుడు తెస్తారనే ఏర్పాటు ఒక్కటే నమ్ముకుంటే, వాళ్లు రాని ఏడాది మీ సంచి ఖాళీ.

ముక్కు స్ప్రే

నెఫీ పేరుతో వచ్చిన 2 మి.గ్రా. స్ప్రేకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. అది 30 కిలోలు, ఆ పైన ఉన్నవాళ్లకు. 2025 మార్చిలో నాలుగేళ్లు నిండి 15 నుంచి 30 కిలోలున్న పిల్లలకు 1 మి.గ్రా. రకం వచ్చింది. పెన్నులో 0.3 ఉంటే ఇందులో 2 ఏమిటని అనుమానం రావచ్చు. ముక్కు పొర మందును అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. అందుకే ఎక్కువ మోతాదు పెట్టి, పొర గుండా దాటించే ఇంకో పదార్థాన్ని కూడా కలిపారు.

సూది అంటే పారిపోయే పిల్లలకు, సూది వేయాలంటే తామే వణికే పెద్దలకు దీన్ని మించింది లేదు. వాస్తవంలో అడ్రినలిన్ ఆలస్యం కావడానికి పెద్ద కారణం ఈ జంకే. ఒక ముక్కు రంధ్రంలో కొట్టాలి, లోపలికి పీల్చకూడదు. రెండో డోసు అవసరమైతే ఇంకో స్ప్రేతో అదే రంధ్రంలో కొట్టాలి. ఇది చాలామంది మర్చిపోయే ముక్క.

మరి ఆధారాలు? 175 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల రక్తంలో మందు ఎంత చేరిందో, బీపీ, నాడి ఎలా పెరిగాయో చూసి, అవి ఇంజెక్షన్‌తో సరితూగాయని అనుమతి ఇచ్చారు. 2023లో ఎఫ్‌డీఏ వెంటనే ఒప్పుకోలేదు, ముక్కు కారుతున్నప్పుడు రెండు డోసులు ఎలా పనిచేస్తాయో చూపించమంది. అలర్జీలో ముక్కు కారడం మామూలే కదా, న్యాయమైన ప్రశ్నే. "నిజం రోగుల మీద పెద్ద పరీక్ష జరగలేదు" అని దీన్ని కొట్టిపారేసేవాళ్లకు ఒకటి గుర్తుచేయాలి. ప్రాణం పోతున్నవాళ్లలో సగం మందికి మందు ఆపి పరీక్ష చేయడం కుదరదు, పెన్నుకూ అలాంటి పరీక్ష లేదు. అయితే తొడ ఇంజెక్షన్‌కు దశాబ్దాల అనుభవం తోడుంది, స్ప్రేకు ఇంకా లేదు. ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) ఉన్నవాళ్లు, ముక్కు ఆపరేషన్ అయినవాళ్లు సూది వైపే ఉండటం మేలని నా ఉద్దేశం.

ఎండ విషయంలో మాత్రం స్ప్రేదే పైచేయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఆపిన కారులో పెన్ను వదిలేస్తే అది పనికిరానట్టే లెక్క. ఆంపుల్ మందు గులాబీ రంగులోకో గోధుమ రంగులోకో తిరిగితే పారేయండి. రంగు మారకపోతే బాగున్నట్టే అనుకోవడానికీ లేదు, తేదీ చూడాల్సిందే.

ఎవరికి ఏది

ఇక్కడే ఉండే, పిల్లలున్న ఇంటికి నా ఓటు ముందే నింపిన సిరంజికి, దానికి తోడు రెండు ఆంపుళ్లకు. స్కూల్లో ఇవ్వాల్సివస్తే డాక్టరుగారి చీటీ, డోసు పెద్ద అక్షరాలతో రాసి డబ్బా మూతకే అంటించండి. టీచరు ఒప్పుకోకపోతే కోప్పడి లాభం లేదు. ఇంకొకరి బిడ్డకు సూది వేయమంటే ఎవరికైనా టెన్షనే. స్ప్రే మన షాపుల్లోకి వచ్చిన రోజున స్కూలుకు మాత్రం నేను అదే కొంటాను.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్లకు పెన్నా, స్ప్రేనా అన్నదే ప్రశ్న. ఇన్సూరెన్స్ దేనికి ఎంత ఇస్తుందో చూసుకుని, సూది భయముంటే స్ప్రే, లేకపోతే పెన్. సెలవులకు ఇక్కడికి వచ్చేటప్పుడు రెండు జతలు తెచ్చుకోండి, డాక్టరు ఉత్తరంతో చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయకండి. మన పెళ్లి భోజనాల్లో జీడిపప్పు ఎందులో లేదో చెప్పడం కష్టం. కుర్మా చిక్కదనంలో కూడా అదే ఉంటుంది, కంటికి కనపడదు.

పొలంలో తేనెటీగ కుట్టి దద్దుర్లు కూడా లేకుండా ఒక్కసారిగా బీపీ పడిపోయి కూలిన పెద్దవాళ్ల విషయం వేరు. వాళ్లలో కొందరికి మాస్టోసైటోసిస్ ఉంటుంది, అంటే మాస్ట్ కణాలే అవసరానికి మించి పెరగడం. అలాంటి ఘటన తర్వాత ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఒకసారి, పూర్తిగా కోలుకున్నాక మరోసారి ట్రిప్టేజ్ రక్తపరీక్ష చేయించమని అడగండి. మామూలు అంకెకు అందులో ఐదో వంతు, ఆపైన ఇంకో 2 కలపండి. ఘటన నాటి అంకె దాన్ని దాటితే మాస్ట్ కణాలు కుమ్మరించాయన్నట్టే. మామూలు రోజుల్లోనే అది మి.లీ.కు 20 నానోగ్రాములు దాటి ఉంటే ఎముక మజ్జ దాకా పరీక్షలు అవసరం కావచ్చు. వీళ్లకు పరికరం ఏదైనా రెండు డోసులకు తక్కువ ఉండకూడదు, పొలంలో ఒక్కరే ఉంటారు కాబట్టి తమకు తాము వేసుకోగలిగింది కావాలి. ఆంపుల్ విరిచేలోపు స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది వీళ్లకే. స్తోమత ఉంటే పెన్ను కోసం కష్టపడాల్సింది కూడా వీళ్లే. ఈ జబ్బుకు అవాప్రిటినిబ్ అనే మాత్రను అమెరికాలో 2021లో ముదిరిన రకానికి, 2023లో నెమ్మది రకానికి అనుమతించారు. ఆ మాత్ర వేసుకునేవాళ్ల జేబులో కూడా అడ్రినలిన్ ఉండాల్సిందే.

బీపీకో గుండెకో అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి వాడేవాళ్లకు అడ్రినలిన్ సరిగా పట్టకపోవచ్చు. మాత్ర సొంతంగా ఆపకండి, అలర్జీ ఉందని ఆ డాక్టరుకు చెప్పండి. ఆస్పత్రిలో వీళ్ల కోసం గ్లూకగాన్ అనే మందు వాడతారు.

"అసలు రాకుండా చేసే ఇంజెక్షన్ వచ్చిందటగా" అని అడుగుతుంటారు. ఒమాలిజుమాబ్ సంగతి అది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఆహార అలర్జీకి అనుమతించారు. అనుమతికి ఆధారమైన పరీక్షలో అది తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది 600 మి.గ్రా. వేరుశనగ ప్రొటీన్‌ను ఓర్చుకోగలిగారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 7 శాతమే. పొరపాటున నోట్లోకి వెళ్లిన ముక్కకు అది గొడుగు లాంటిది. రెండు లేదా నాలుగు వారాలకోసారి వేయించుకుంటూనే ఉండాలి, ఖరీదు ఎక్కువ, మిగతా మూడోవంతు మందిలో మీరుండరని చెప్పలేం. అడ్రినలిన్‌కు బదులు కాదు.

ఏది వాడినా ఆ తర్వాత మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కాళ్లు చాచి కూర్చోబెట్టాలి. హఠాత్తుగా లేచి నిలబడటంతో ప్రాణం పోయిన కేసులను పంఫ్రీ 2003లో రాశారు. మన ఊళ్లలో బైక్ మీద మధ్యలో నిటారుగా కూర్చోబెట్టి తీసుకుపోవడం అలవాటు, అది మానాలి. ఐదు నిమిషాలకు తేడా కనపడకపోతే రెండో డోసు. తగ్గినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

మా ఇంట్లో డబ్బా ఫ్రిజ్ పక్క అలమరలో, అత్తయ్యకు అందే ఎత్తులో ఉంది. మూత మీద స్కెచ్ పెన్నుతో మార్చాల్సిన తేదీ. నెలకో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒకసారి నేను, ఒకసారి ఆవిడ, నీళ్లు నింపిన సిరంజితో దిండుకు పొడుస్తాం. పోయినసారి ఆవిడ పన్నెండు సెకన్లలో చేశారు. మా వాడు గడియారం చూసి చెప్పాడు.